లమై ఫొటో, నరిత్సరా ఫొటో

మనిషి ఒంట్లో ఏముందో కనిపెట్టడం చిన్న విషయం. ఆ ఒళ్లు ఏ పేరు మీద నమోదైందో తేల్చడమే వైద్యశాస్త్రం సాధించిన అసలు విజయం. కోరాట్ నగరం పక్కనున్న ఆ జిల్లా ఆసుపత్రిలో ఈ విజయాన్ని రోజూ పొద్దున ఎనిమిదింటికి జాతీయగీతం అయిన వెంటనే మొదలుపెట్టి, భోజనవేళకు ఆపుతారు.

బస్టాండు దగ్గర కొబ్బరిపాల గుంతపొంగణాలు అమ్మే లమైకి రొమ్ము ఫొటోలో బియ్యపుగింజంత మచ్చ కనబడింది. ఆరు నెలలాగి మళ్లీ ఫొటో తీస్తారు, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు, పెరిగితే కోస్తారు, లేకపోతే వదిలేస్తారు. అంతవరకు సబబుగానే ఉంది. కానీ లమైకి కంటిమీద కునుకు లేదు. భయం వేస్తే అక్కడ ఎవరైనా చేసే పనే ఆమె చేసింది. గుడికి వెళ్లి పెద్ద భిక్షువుతో చెప్పుకుంది. ఆయన పుట్టిన వారం అడిగి, లమై అన్న పేరే కీడు చేస్తోందని తేల్చి, నరిత్సరా అని పెట్టాడు. జిల్లా కచేరీలో అప్పటికప్పుడే పేరు మార్చి కొత్త కార్డు చేతికిచ్చారు. (ప్రభుత్వ కార్యాలయంలో పని ఒక్క పూటలో అయిపోవడమే అపశకునమని ఆమెకు తట్టలేదు.)

గడువుకి వెళ్లి రెండో ఫొటో తీయించుకుంది. పోలికల విభాగం అధికారి వొరపోత్ గారు కంప్యూటరు చూసి తల అడ్డంగా ఊపారు.

"అక్కా, నరిత్సరా గారికి ఇదే మొదటి ఫొటో. దేంతో పోల్చమంటారు?"

"లమై ఫొటోతో, తమ్ముడూ. అదీ నేనే."

"లమై గారు అసలు రాలేదక్కా. ఫోన్ కూడా చేశాం."

"ఎత్తింది నేనే. వస్తున్నానని చెప్పాను కదా."

"చెప్పారు. కానీ రాలేదు."

ఆమె పేరు మార్పు కాగితం చూపించింది. ఆయన గౌరవంగా చదివారు. ఒకరి ఫొటోను ఇంకొకరి కోసం తెరవాలంటే సొంతదారు సమ్మతి కావాలి. లమై అని సంతకం చేసింది. చెల్లలేదు, ఎందుకంటే ఆ కాగితం ప్రకారమే లమై అనే మనిషి ఇప్పుడు లేదు. పోనీ పాత పేరే మళ్లీ పెట్టుకుంటానంది. అప్పుడు ఇవాళ్టి ఫొటో దిక్కులేనిదవుతుందని ఆయన బాధపడ్డారు. (మనసున్న మనిషే.)

లోపలి డాక్టరమ్మ జాలిపడి, ఒక గదిలో లమై ఫొటో చూసి, గబగబా పక్క గదికి వెళ్లి నరిత్సరా ఫొటో చూసింది. పెరిగినట్టే ఉందంది. జ్ఞాపకాన్ని పోలికగా పరిగణించరాదని వొరపోత్ గారు వినయంగా గుర్తు చేశారు.

"పెరిగిందా లేదా, అదొక్కటి చెప్పు తమ్ముడూ. పడుకుంటే చెయ్యి అక్కడికే పోతోంది."

"నరిత్సరా గారు ఆరు నెలలాగి వస్తే రెండు ఫొటోలవుతాయక్కా. అప్పుడు దర్జాగా పోలుద్దాం."

ఈలోగా లమై పేర ఇంటికి ఉత్తరం వచ్చింది. రెండో ఫొటో లేనందున మచ్చ పెరిగిన దాఖలా లేదనీ, ఆసుపత్రి తరఫున అభినందనలనీ అందులో ఉంది.

ఆరు నెలల తర్వాత పోలిక సక్రమంగా జరిగింది. కోరాట్ పెద్దాసుపత్రిలో ఆపరేషన్లు చేసే డాక్టరు నరిత్సరా ఫొటోలు రెండూ చూసి విసుక్కున్నాడు.

"ఉసిరికాయంత అయ్యేదాకా ఏం చేస్తున్నారండీ? చిన్నగా ఉన్నప్పుడే ఎవరికైనా చూపించుకోవద్దా?"

"లమై చూపించుకుందండీ," అంది ఆమె. "ఆవిడకేమీ పెరగలేదట."