రిసెప్షన్ కౌంటర్‌లో దేవమ్మ పెట్టె

పాత లాడ్జీలన్నింటినీ తక్షణం బొటిక్ హోటళ్లుగా మార్చేయాలి! రోడ్డు పక్కన ఒక్క మామూలు లాడ్జి మిగిలినా అది మన ప్రాంతానికి తలవంపులు. నేను సరదాకి అనడం లేదు. ముప్పై రెండేళ్లు పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని, సరదాలు నాకు పడవు.

నమ్మకం లేకపోతే ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డులో ఒకసారి బస్సు దిగి చూడండి. అక్కడ లక్ష్మప్ప లాడ్జి అని ఒకటి ఉండేది. పన్నెండు గదులు, పొడవాటి వరండా, వరండా చివర నీళ్ల కొళాయి. పత్తి బేరగాళ్లు, లారీ డ్రైవర్లు, వలస కూలీలు, ఉరుకుంద ఈరన్న దర్శనానికి పోయే భక్తులు, ఎవరు వచ్చినా లక్ష్మప్ప ముందుగా అడిగే మాట ఒకటే: "అన్నం తింటిరా అప్పా?" ఊరూ పేరూ ఆధార్ కార్డూ అడగకుండా తిండి సంగతి అడిగేవాడికి హోటల్ మేనేజ్‌మెంట్ ఏం తెలుస్తుంది చెప్పండి?

పోయిన కార్తీకంలో లక్ష్మప్ప కాలం చేశాడు. మనవడు అశోక్ బెంగళూరు నుంచి ఒక ఇంటీరియర్ డిజైనర్‌ను వెంటబెట్టుకొచ్చాడు. నాలుగు నెలల్లో లాడ్జి పోయి బొటిక్ హోటల్ వచ్చింది. దాని పేరు 'వలస'.

అవును, సరిగ్గానే చదివారు. "ఇక్కడ ఎక్కువగా ఎవరు దిగేవాళ్లు?" అని డిజైనర్ అడిగిందట. "వలసోళ్లు మేడమ్" అన్నాడట అశోక్. ఆ పేరు ఆమెకు తెగ నచ్చేసింది. ఏటేటా కోసిగి నుంచి లారీలెక్కి మిరప కోతలకు పోయే జనానికి ఆ మాటలో ఇంత సొగసు ఉందని ఇన్నాళ్లూ తెలియనే తెలియదు, పాపం!

ఇక అభివృద్ధి చూడండి. పాత లాడ్జిలో టీవీ పనిచేయకపోతే జనం తిట్టేవాళ్లు. ఇప్పుడు అసలు టీవీయే లేదు, దాన్ని డిజిటల్ డిటాక్స్ అంటారు, జనం మెచ్చుకుంటున్నారు. అప్పుడు ప్లాస్టిక్ బకెట్టు, మగ్గు ఇస్తే అది పేదరికం. ఇప్పుడు రాగి బకెట్టు, రాగి చెంబు ఇస్తే రూరల్ బాత్ ఎక్స్‌పీరియన్స్! అప్పుడు గోడకు సున్నం రాలితే లక్ష్మప్ప సిగ్గుపడి పూయించేవాడు. ఇప్పుడు నున్నటి గోడను గీకించి, సున్నం రాలినట్టు కనపడేలా పెయింటు వేయించారు. ఆ రాలిన సున్నానికి పూత పూసిన సున్నం కన్నా నాలుగింతలు ఖర్చయిందని అశోకే గర్వంగా చెప్పాడు.

తిండి సంగతి మరీ గొప్పది. లక్ష్మప్ప ఆకు నిండా బొరుగుల ఉగ్గాని పెట్టి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు వేసేవాడు. అనాగరికం! ఇప్పుడు అరచేతిలో పట్టే గిన్నెలో మూడు చెంచాల ఉగ్గాని, దాని మీద ఒక పువ్వు. బజ్జీ ఒక్కటే, అదీ నిలువునా సగం. కడుపు నిండితే రుచి తెలియదని అక్కడి చెఫ్ నాకు బోధించాడు. ముమ్మాటికీ నిజం. అక్కడి నుంచి ఇంటికొచ్చి తిన్న జొన్నరొట్టె అంత రుచిగా నా జన్మలో ఎప్పుడూ లేదు.

హాల్లో తల పైకెత్తితే మగ్గం కనిపిస్తుంది. ఎమ్మిగనూరు బసవరాజు నేత మానేసి అమ్ముకున్న మగ్గం అది. దాన్ని పైకప్పుకు తలకిందులుగా వేలాడదీసి ఇరవై బల్బులు బిగించారు. ప్రారంభోత్సవానికి బసవరాజు కూడా వచ్చాడు. చాలాసేపు పైకి చూశాడు.

"ఎట్లుంది బసవరాజూ?" అన్నాను.

"బాగుంది సార్. అది మా ఇంట్లో ఉన్నెప్పుడు దానికి ఒక్క బల్బు కూడా సక్కంగ లేకపోయె" అన్నాడు. చేనేతకు వెలుగు రావాలని ఇన్నేళ్లుగా అందరం అరుస్తున్నాం కదా, ఇదిగో వచ్చింది!

ఇవన్నీ ఒక ఎత్తు, రిసెప్షన్ కౌంటర్ ఒక్కటీ ఒక ఎత్తు. దాని పుట్టుక కొంచెం వివరంగా చెప్పాలి.

దీపావళి వెళ్లగానే కోసిగి చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అవుతాయి. గుంటూరు వైపు పోయే లారీ లక్ష్మప్ప లాడ్జి ముందు ఆగేది. కూలీలను కుదిర్చిన మేస్త్రి సామాను చూసి, ఇంత బరువు ఎక్కదని కేకలేసేవాడు. అప్పుడు బరువైన ట్రంకుపెట్టెలను దించేవాళ్లు. లక్ష్మప్ప సుద్దముక్కతో ఒక్కో పెట్టె మీద దాని మనిషి పేరు, ఊరు రాసి వెనక గదిలో పెట్టించేవాడు. ఉగాది దాటాక వచ్చి ఎవరి పేరు చూసుకుని వాళ్లు ఎత్తుకుపోయేవాళ్లు. రసీదు లేదు, సంతకం లేదు, సీసీ కెమెరా లేదు. ఒక్క పెట్టె కూడా ఎన్నడూ తారుమారు కాలేదు.

పోయినేడాది దించిన పెట్టెలు ఏడు. లక్ష్మప్ప పోయాక అవి డిజైనర్ కంటపడ్డాయి. ఆ తుప్పు, ఆ సొట్టలు, ఆ సుద్ద రాతలు! ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయట. ఏడింటినీ వరసగా పేర్చి, ఒకదానికొకటి వెల్డింగ్ చేయించి, పేర్లు చెరగకుండా వార్నిష్ పూయించి, పైన మూతలన్నీ కప్పేలా ఒకే ఒక్క నల్ల గ్రానైట్ బండ అతికించింది. అదే కౌంటర్. ఒక్కో పేరు మీద ఒక్కో చిన్న లైటు పడుతుంది.

కోతలు ముగించుకొని మనుషులు తిరిగొచ్చారు. అశోక్ ధర్మాత్ముడు, ఒక్కొక్కరికీ చక్రాల సూట్‌కేసు కొత్తది ఇచ్చాడు. కోసిగి మట్టిబాటల్లో ఆ చక్రాలు ఎంత నున్నగా దొర్లుతాయో మీరే ఊహించుకోండి! ఆరుగురు నోరు మూసుకొని తీసుకున్నారు. ఏడో మనిషి దేవమ్మ తీసుకోలేదు. ఏం మనుషులండీ, హుందాగా బతకడం ఎప్పటికి నేర్చుకుంటారో!

దేవమ్మ పెట్టెలో నగలూ నాణేలూ లేవు. కూతురు మహాదేవి టెన్త్ మార్కుల మెమో, టీసీ ఉన్నాయి. ఆ పిల్ల నా చివరి బ్యాచ్‌లో చదివింది. పోయినేడు ఐదు వందల ఇరవై నాలుగు మార్కులు తెచ్చుకుంది. తెచ్చుకుని తల్లితోపాటు మిరప కోతకు పోయింది. ఈసారన్నా ఎమ్మిగనూరులో ఇంటర్‌లో చేర్చాలని తల్లి పట్టుదల. చేలల్లో వేసుకునే ప్లాస్టిక్ పట్టాల గుడిసెల్లో కాగితాలు తడుస్తాయని పెట్టెలో పెట్టి, లక్ష్మప్పకు అప్పజెప్పి వెళ్లింది. తాళంచెవి ఇప్పటికీ ఆమె కొంగుకే ఉంది. తాళం కౌంటర్ ముందుభాగంలో వేలాడుతూనే ఉంది. ఒకరోజు వచ్చి తాళం తీసింది కూడా. తీసి ఏం లాభం? మూత లేవాలంటే బండ లేవాలి.

బండ ఎత్తించమని బతిమాలింది. "సింగిల్ పీస్ అక్కా, ఎత్తితే పగుల్తాది" అన్నాడు అశోక్. పోనీ పక్క రేకు కోయించమంది. "ఒకరి పెట్టెను కోసేంత నీచుణ్ని కాదక్కా నేను!" అన్నాడు. ఎంత సంస్కారం!

డూప్లికేట్ అడుగుదామని నేనే వెంట తీసుకెళ్లాను. కాగితాలు పోయినట్టు పోలీసుల దగ్గర రాయించుకు రమ్మన్నారు బడిలో. స్టేషన్‌కు పోయాం.

"ఏం పోయిందమ్మా?"

"ఏం పోలేదు సారూ. ఆడనే ఉంది. కనపడతాంది."

"పోనిదాన్ని పోయిందని ఎట్ల రాసేది?"

పోయిందని ఒక్క మాట అనమని ఆమె చెవిలో చెప్పాను. దేవమ్మ నా వైపు తిరిగింది. "ఉన్నదాన్ని పోయిందని ఎట్లంటానప్పా? లక్ష్మప్ప తాత సేత్తో పేరు రాసి పెట్టినాడు. పోయిందంటే ఆయప్ప పోగొట్టినట్టు గాదా?" అంది. పోలీసాయన తీసిన తెల్లకాగితం మళ్లీ సొరుగులో పెట్టేశాడు.

చివరికి అశోకే దారి చూపించాడు. పిల్లకు రిసెప్షన్‌లో ఉద్యోగం ఇచ్చాడు! సర్టిఫికెట్లేవీ అడగనని హామీ కూడా ఇచ్చాడు. "పెట్టె కాడ ఉంటే ఎప్పుడో ఒకనాడు తెరుస్తారు సార్" అని మహాదేవి ఒప్పుకుంది. కోసిగి పిల్లకు కోసిగికి దగ్గర్లోనే కొలువు. చూశారా, ఒక్క బొటిక్ హోటల్‌తో వలస ఆగిపోయింది! ఇంకా ఎవరికైనా అనుమానం ఉందా?

మొన్న ఆదివారం కాఫీకి వెళ్లాను. హైదరాబాద్ నుంచి వచ్చిన దంపతులు కౌంటర్ ముందు వంగి పేర్లు చదువుతున్నారు. "వీటిలో ఏముందమ్మా?" అని భార్య అడిగింది.

మహాదేవి చేతులు జోడించి, బడిలో పద్యం అప్పజెప్పినట్టు, ఒక్క తప్పు లేకుండా చెప్పింది: "వలస వెళ్లినవారు వదిలి వెళ్లిన ఖాళీ పెట్టెలు ఇవి. వీటి నిండా ఉన్నవి జ్ఞాపకాలు మాత్రమే."

వాళ్లు ముచ్చటపడి ఆ పిల్లతో ఫోటో దిగారు. నేను కాఫీ తాగలేకపోయాను.

ఎందుకంటే ఆ వాక్యం రాసిచ్చింది నేనే. ప్రారంభోత్సవానికి ముందు అశోక్ వచ్చి, మంచి తెలుగులో రెండు ముక్కలు కావాలి సార్ అన్నాడు. ఒక శాలువా కప్పాడు. రాసిచ్చాను. ఏడు పెట్టెలకూ ఏడు తాళాలు నా కళ్లెదుటే వేలాడుతున్నాయి. ఖాళీ పెట్టెకు ఎవరైనా తాళం వేస్తారా? ముప్పై రెండేళ్లు పిల్లల తప్పులు దిద్దినవాడికి ఆ మాత్రం తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఇంటర్‌లో చేరడానికి ఎల్లుండి ఆఖరు రోజు. అశోక్, నేను రాసింది తప్పు, కొట్టేస్తున్నాను. ఆ పెట్టెను ఎవరూ వదిలి వెళ్లలేదు. దాని మనిషి పొద్దుటి నుంచి నీ గేటు బయట కూర్చుని ఉంది. బండ పగిలితే పగలనీ నాయనా, పెట్టె తెరువు.