ఎలుకకు జరిగే మర్యాద

వచ్చే జన్మంటూ ఉంటే నేను ఎలుకగా పుడతాను. అదీ ఒంటినిండా గోమార్లతో! నిరాశతో అంటున్న మాట కాదిది, బాగా ఆలోచించి తీసుకున్న నిర్ణయం.

గోమారి తెలుసుగా? కుక్క చెవుల్లో శనగగింజలా వేలాడుతూ రక్తం తాగే పురుగు. దాన్ని అందరూ తిడతారు. ఎందుకండీ? పిలవకపోయినా వస్తుంది, పట్టుకుంటే వదలదు, పోతూ పోతూ ఏదో ఒక జ్వరం చేతిలో పెట్టి మరీ పోతుంది. ఇంత అభిమానం మీ చుట్టాల్లో ఎవరికుంది? పైగా పుట్టినప్పుడు దానికి ఆరు కాళ్లే. పెరిగాక ఎనిమిదవుతాయి. మనకో? వయసొచ్చేకొద్దీ ఉన్న రెండూ మొరాయిస్తాయి!

ఈ సంగతులన్నీ మా మేడ మీద అద్దెకుంటున్న పరిశోధకురాలు చెప్పింది. పెరట్లో బోన్లు పెట్టి ఎలుకల్నీ చుంచుల్నీ పట్టడం, వాటి మీది గోమార్లను ఏరడం, ఆ గోమార్లలో ఎన్ని రకాల బాక్టీరియా కాపురముంటున్నాయో తేల్చడం ఆమె ఉద్యోగం. ఇప్పటికి పదకొండు రకాలు తేలాయట. ఒక్క గోమారిలోనే మూడు రకాలు, ఏ గొడవా లేకుండా! మా వీధి సంఘంలో ఇద్దరు కూడా అలా ఇమడలేదు.

పదకొండు రకాలు! మా డాక్టరుగారి దగ్గర ఉన్నది ఒక్కటే రకం. దాని పేరు వైరల్.

పోయిన నెల నాలుగు రోజులు జ్వరం తగ్గకపోతే వెళ్లాను. ఆయన కంప్యూటరు మీంచి తలెత్తలేదు.

"వైరలండీ. మీ వయసులో మామూలే."

"ఒళ్లంతా విరిచేస్తున్నట్టుందండీ."

"అదీ వయసే. నెక్స్ట్!"

నెక్స్ట్ కూడా నేనేనేమోనని ఇంకాసేపు కూర్చున్నాను. కాదట.

ఇంటికొచ్చేసరికి పెరట్లో ఒక ఎలుకకు పరీక్ష జరుగుతోంది. నా కళ్లు కుట్టాయంటే నమ్మండి! మత్తిచ్చి, బరువు చూసి, పొడవు కొలిచి, చెవులు మడిచి, వేళ్ల సందులు విడదీసి, వెంట్రుకలు పాయలు తీసి మరీ చూసింది. ఇరవై నిమిషాలు! "ఎక్కడెక్కడ తిరిగొచ్చావురా నాన్నా?" అని కూడా అడిగింది.

నన్ను ఆ ప్రశ్న అడిగేవాళ్లు లేక మూడేళ్లయింది. మా ఆవిడ ఉన్నన్నాళ్లూ నేను పెరట్లోంచి వస్తే చాలు, గుమ్మంలోనే నిలబెట్టి చెవుల వెనక వెతికేది. "ఆ కుండీలతోనే కాపురం చెయ్యండి, ఆ మట్టి మాత్రం ఇంట్లోకి తేకండి" అంటూ. నేను విసుక్కునేవాణ్ణి.

"బాబాయ్ గారూ, వణికిపోతున్నారేంటి? ఇలా కూర్చోండి" అంది పరిశోధకురాలు. డాక్టరుగారు వైరలన్నారని చెప్పాను. ఆమె గ్లవ్స్ మార్చుకుని నా కుడిచెవి వెనక తడిమి, ఆగిపోయింది.

"ఎన్నాళ్లనుంచి ఉందిది ఇక్కడ?"

"ఏది?"

"మీకు కనబడదులెండి. ఇంకెవరైనా చూడాల్సిన చోటు."

చిమటాతో మెల్లగా లాగి సీసాలో వేసింది. "మళ్లీ వెళ్లండి, ఇప్పుడే. ఇది వైరల్ కాకపోవచ్చు. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది."

సీసా తీసుకెళ్లి డాక్టరుగారి బల్ల మీద పెట్టాను. ఆశ్చర్యం! ఆయన తలెత్తారు. సీసాను వెలుగులో అటు తిప్పి, ఇటు తిప్పి, మూడు నిమిషాలు చూశారు. మందు మార్చారు. రెండో రోజుకు జ్వరం దిగింది. నా మొహం ఎలా ఉంటుందో మాత్రం ఆయనకింకా తెలీదు.

ఇప్పుడు చెప్పండి, గోమారి చెడ్డదా? ఒక మనిషి చెవి వెనక ఇంకో మనిషి చూడ్డానికి అదే కదా కారణమైంది!

నిన్న పరిశోధకురాలి రిజిస్టరు చూశాను. "చిన్న క్షీరదాలు" అన్న శీర్షిక కింద మూడు వరుసలున్నాయి. ఎలుకలు ముప్ఫై ఒకటి. చుంచులు తొమ్మిది. బాబాయ్ గారు ఒకటి.

పరీక్ష అయ్యాక జంతువుల్ని సాయంత్రానికల్లా వదిలేస్తుందట.

నా విషయంలో అంత తొందరేమీ లేదని చెప్పాను.