నలభై వేవులు నిలిచిన మంత్రిగారు

కొల్లేటి చుట్టుపక్కల గట్లకు ఇకమీదట గండి పడే ప్రసక్తే లేదని గట్ల సంరక్షణ శాఖ మంత్రి శ్రీ భీమశంకరంగారు ఏలూరు సభలో ప్రకటించారు. ఆ సమయంలో ఆయన చేతిలో పార లేదు, ట్యాబ్ ఉంది. ఇంతవరకూ మంత్రులందరూ గట్లను కారు అద్దంలోంచి చూశారనీ, తాను మాత్రం గేమ్‌లో చూడబోతున్నాననీ, పరిపాలన అంటే ఇదేననీ ఆయన సెలవిచ్చారు. జనం చప్పట్లు కొట్టారు. అప్పటికి భోజనాల వేళ దాటి గంటయింది కాబట్టి ఏం చెప్పినా కొట్టేవారే.

ఆ గేమ్ పేరు 'గట్టు వీరులు'. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న స్పందన శాఖ కోసం ప్రాజెక్టుగా తయారుచేసింది. ఆడటం తేలికే. తెర మీద ఒక గట్టు ఉంటుంది, అవతల నీళ్ళుంటాయి. వరద వేవ్ తర్వాత వేవ్‌గా వస్తుంది, మొత్తం నలభై వేవులు. గట్టు మీద ఒక హీరోను నిలబెట్టి కాపాడుకోవాలి. గండి పడితే ఆట ముగిసినట్టే. హీరోలు ఐదుగురు. మంత్రి, ఇంజనీరు, కాంట్రాక్టరు, డ్రోను, లస్కరు. లస్కరంటే గట్టు వెంట నడుస్తూ కాపలా కాసే మనిషి, తూము తలుపులు ఎత్తేదీ దించేదీ అతనే. అతన్ని హీరో చెయ్యాలని ఎవరూ అనుకోలేదు. ఐదో గడి ఖాళీగా ఉంటే చూడ్డానికి బాగోదని పెట్టారు.

"ఒక్కో హీరోని పదిసార్లు ఆడించండి," అన్నారు మంత్రిగారు. "ఎవరు ఎన్ని వేవులు నిలిచారో టేబుల్ వెయ్యండి. ఆఖరున వచ్చిన హీరో పోస్టు బయట కూడా రద్దు చేసేద్దాం. గేమ్‌లో పనికిరానివాడు గట్టు మీద ఏం పనికొస్తాడు?"

ఇంతటి శాస్త్రీయ దృక్పథం మన జిల్లాలో ఇంతకుముందు చూడలేదు.

ఆ టేబుల్ వేసే భాగ్యం భీమడోలు సెక్షన్ అసిస్టెంట్ ఇంజనీరు జయకృష్ణకు దక్కింది. ఆయన కింద ఏడు కిలోమీటర్ల గట్టుంది. ఆ ఏడు కిలోమీటర్లకూ ఉన్నది ఒక్కడే లస్కరు, సత్తిబాబు. పంతొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. అతను గట్టు మీద ఉన్నాడు కాబట్టే వానాకాలంలో జయకృష్ణకు నిద్ర పట్టేది. ఆఖరున లస్కరే వస్తాడని మంత్రిగారు ముందే అనుకుని ఆ మాట అన్నారని జయకృష్ణకు తెలుసు.

సత్తిబాబు కూడా ఆఫీసుకొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఏవండీ ఏఈగారూ, అందులో నన్ను కూడా ఆడిస్తారటండీ?"

"అవును సత్తిబాబూ."

"కొంచెం చూసి తూము పక్కన నిలబెట్టండీ. అక్కడ నాకు అలవాటండీ."

జయకృష్ణ తూము పక్కనే నిలబెట్టాడు. నాలుగు రోజులు తలుపేసుకుని ఆడాడు. ఉద్యోగంలో చేరాక ఆయన ఇంత శ్రద్ధగా పని చెయ్యడం అదే మొదలు.

డ్రోను తొమ్మిదో వేవ్ దాకా నిలిచింది. గండి పడుతుంటే నాలుగు వైపుల నుంచీ అందంగా ఫొటోలు తీసింది. కాంట్రాక్టరు ఆరు వేవులు నిలిచాడు. అతనిలో ఒక ప్రత్యేకత ఉంది, గండి పడ్డాకే చేతులు కదులుతాయి. ఇంజనీరు పదకొండు వేవులు లాగాడు. ప్రతి వేవ్‌కీ ఒక ఎస్టిమేట్ పంపి, జవాబు కోసం ఎదురుచూస్తూ మునిగాడు. అది చూసి జయకృష్ణ కాసేపు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

లస్కరు నలభై వేవులూ నిలిచాడు. పదిసార్లు ఆడిస్తే పదిసార్లూ నిలిచాడు. మరొకరి సాయం లేదు. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు నడుస్తాడు, వంగుతాడు, ఓ బస్తా వేస్తాడు, మళ్ళీ నడుస్తాడు. అంతే.

మంత్రిగారు మూడో వేవ్‌లో పోయారు. పదిసార్లూ మూడో వేవే.

జయకృష్ణ తాడేపల్లిగూడెం ఫోన్ చేశాడు. "ఏమ్మా స్పందనా, మంత్రిగారి హీరోలో ఏదో పొరపాటుందమ్మా. ఆయన గట్టెక్కగానే బస్తాలు మోసే కూలీలంతా పని ఆపేసి వరసగా నిలబడుతున్నారు."

"అది పొరపాటు కాదండీ. పీఏ మాణిక్యంగారు అడిగి పెట్టించుకున్నారండీ. సార్ వచ్చినప్పుడు మిగతావాళ్ళు పని చేసుకుంటూ ఉంటే మర్యాదగా ఉండదన్నారండీ."

"మరి మిగతావాళ్ళు?"

"వాళ్ళకి నేనేం రాయలేదండీ. వరదల్లో ఎవరేం చేశారో రాసిన పదేళ్ళ రిజిస్టర్లు మీ శాఖవాళ్ళు ఇచ్చారు కదండీ, గేమ్ వాటిని చూసే నేర్చుకుంది."

రూలు ప్రకారం చూస్తే రద్దు కావలసింది మంత్రి పదవి. ఈ సంగతి కాగితం మీద పెట్టే ధైర్యం జయకృష్ణకు లేదు. అలాగని టేబుల్ మార్చే ధైర్యమూ లేదు. ఈ రెండూ లేనివాళ్ళు చేసే పనే ఆయనా చేశాడు. టేబుల్ పట్టుకెళ్ళి మాణిక్యంగారి బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మాణిక్యంగారు పదిహేనేళ్ళుగా నలుగురు మంత్రుల దగ్గర పనిచేసిన మనిషి. టేబుల్ చూసి కంగారుపడలేదు, అరవలేదు. స్పందనను పిలిపించి కాఫీ ఇప్పించారు.

"అంకెలు మార్చకూడదమ్మా. అది తప్పు," అన్నారు. "ఆ లస్కరు హీరో ఉన్నాడు చూడు, అతని నడక, పని అన్నీ అలాగే ఉంచు. మొహం, పేరు మాత్రం సార్‌వి పెట్టు."

"అప్పుడు లస్కరు ఏం చేస్తాడండీ?"

"సార్ చేసేవి చేస్తాడు."

"సార్ ఏం చేస్తారండీ?"

మాణిక్యంగారు కాఫీ గ్లాసు ఆమె ముందుకు జరిపారు. "అవే లస్కరు చేస్తాడమ్మా," అన్నారు.

స్పందన జయకృష్ణ వైపు చూసింది. ఆ పిల్ల ప్రాజెక్టు మార్కులు వీళ్ళ సంతకం మీద ఉన్నాయి. జయకృష్ణ కాఫీ గ్లాసు వైపు చూశాడు. కాదు అనడానికి ఆ గదిలో ఆయనకు నిమిషం పైనే టైముంది. ఆ నిమిషం ఆయన్ని ఇప్పటికీ వదల్లేదు.

ఏలూరులో ఫైనల్ ఘనంగా జరిగింది. పెద్ద తెర కట్టారు. కైకలూరు నుంచి చేపల చెరువుల వాళ్ళు, ఐసు షాపుల వాళ్ళు బస్సుల్లో వచ్చారు. ట్యాబ్ మంత్రిగారే స్వయంగా పట్టుకున్నారు. తెర మీద ఆయన మొహంతో ఒక మనిషి లుంగీ ఎగ్గట్టి, భుజాన పారతో గట్టెక్కాడు.

"నా కాళ్ళకి చెప్పులు లేవేంటయ్యా?" అన్నారు మంత్రిగారు మెల్లగా.

"నిరాడంబరత అండీ," అన్నారు మాణిక్యంగారు.

"ఈ పారేంటి?"

"ప్రజల కోసమండీ."

ఇక మంత్రిగారు నలభై వేవులూ రెప్ప వెయ్యకుండా చూశారు. వానలో తాను వంగడం, బస్తా మొయ్యడం, బురదలో జారి మళ్ళీ లేవడం చూస్తుంటే ఆయన కళ్ళు చెమర్చాయి. ప్రజల కోసం తాను ఇంత చేస్తున్నట్టు ఆయనకే ఇంతవరకూ తెలియదు.

తర్వాత లస్కరు హీరోను ఎక్కించారు. తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. కూలీలంతా పని ఆపి వరసగా నిలబడ్డారు. ఒకడు దండ వేశాడు, ఒకడు గొడుగు పట్టాడు. మూడో వేవ్‌కు అందరూ కలిసి మునిగారు. వెనక వరసలో కూర్చున్న సత్తిబాబు నోరు తెరుచుకుని చూశాడు.

"నాకెంత మర్యాద చేశారండీ," అన్నాడు పక్కనున్న జయకృష్ణతో. "గొడుగు కూడా పట్టారండీ."

మంత్రిగారు పెద్దమనసున్నవారు. వేదిక దిగి వచ్చి సత్తిబాబు భుజం తట్టారు. "బాధపడకు. అందరూ నాలా నిలబడలేరు," అన్నారు.

సోమవారం ఉత్తర్వులు వచ్చాయి. భీమడోలు సెక్షన్‌లో లస్కరు పోస్టు రద్దు. అతని పేరున్న చోటల్లా డ్యూటీ చార్టులో గౌరవ మంత్రివర్యుల పేరు చేర్చాలి. తులనాత్మక అధ్యయనం చక్కగా చేసినందుకు జయకృష్ణకు ఒక ప్రశంసాపత్రం. జయకృష్ణ దాన్ని సొరుగులో బోర్లా పెట్టాడు.

ఆగస్టు రెండో వారంలో వాన పట్టుకుంది. మూడోరోజు పొద్దున్నే ఊళ్ళోంచి ఫోన్. తూము దగ్గర గట్టు దిగువన నీళ్ళు ఊరుతున్నాయట. జయకృష్ణ డ్యూటీ చార్టు తీశాడు. రూలు రూలే కాబట్టి చార్టులో ఉన్న నెంబరుకే చేశాడు. మాణిక్యంగారు ఎత్తారు.

"సార్‌ని అర్జెంటుగా గట్టు మీదకి పంపించాలండీ. ఊట పడుతోంది."

"కంగారుపడకండి జయకృష్ణగారూ. సార్ గట్టు మీదే ఉన్నారు. ముప్ఫై రెండో వేవ్. చెక్కుచెదరలేదు."

జయకృష్ణ ఫోన్ పడేసి బండి తీశాడు. గట్టు మీదకు చేరేసరికి అక్కడ సత్తిబాబు ఉన్నాడు. పోస్టు పోయి రెండు నెలలయినా, వాన పడగానే కాళ్ళు అటే లాక్కొచ్చాయట. ఊరే నీళ్ళు దోసిట్లో పట్టి వెలుతురుకి చూపించాడు.

"తేటగా వస్తే పర్లేదండీ. మట్టి వస్తోంది చూశారా? లోపల గట్టు కడుక్కుపోతోందండీ. మధ్యాహ్నం దాకా ఉండదు."

ఊళ్ళో వాళ్ళని కేకేశాడు. ఊట చుట్టూ గుండ్రంగా ఇసుక బస్తాలు పేర్పించాడు. "మూసెయ్యకండ్రా, మూస్తే ఇంకోచోట పొడుచుకొస్తుంది, చుట్టూ కట్టండి," అని అరుస్తూ తానే ముందు నిలబడి మోశాడు. జయకృష్ణ కూడా బస్తాలు మోశాడు. భయం వేసింది, సిగ్గేసింది, ఆ రెండిటి వల్ల బాగానే మోశాడు. సాయంత్రానికి ఊట తేటబడింది. గట్టు నిలిచింది, కింద ఊరూ నిలిచింది.

మర్నాడు ఒక పేపర్లో మంత్రిగారి నిర్విరామ కృషి వల్ల గట్టు నిలిచిందని రాశారు. పక్కన ఫొటో వేశారు. తప్పంతా అక్కడే జరిగింది. ఫొటోలో బురదలో బస్తా మోస్తున్నది మంత్రిగారు కాదు, సత్తిబాబు.

ఫొటో చూసిన మాణిక్యంగారే ఫిర్యాదు పెట్టారు. వారం తిరక్కుండా జయకృష్ణకు మెమో వచ్చింది.

'పై తేదీన సదరు గట్టుపై ఒక అనధికార వ్యక్తి గౌరవ మంత్రివర్యుల విధులను నిర్వర్తించినట్లు తెలియవచ్చినది. సదరు వ్యక్తి ఎవరు? ఆ విధులు నిర్వర్తించుటకు అతనికి గల అర్హత ఏమి? అతని వద్ద హామీపత్రము తీసుకొని మూడు రోజులలో పంపవలెను.'

జయకృష్ణ కబురు పెడితే సత్తిబాబు వచ్చాడు. మెమో చదివి వినిపించాడు. సత్తిబాబు శ్రద్ధగా విన్నాడు.

"తప్పయిపోయిందని రాసెయ్యండీ," అన్నాడు.

"నువ్వేం తప్పు చేశావయ్యా?"

"ఆయన పని నేను చేశానంటున్నారు కదండీ. ఒకళ్ళ పని ఇంకోళ్ళు చేస్తే కోపం రాదాండీ? అది నా పనే అనుకున్నానండీ."

జయకృష్ణ 'ఇది తప్పు' అని మెమో మీద రాయాలనుకుని కలం తీశాడు. సొరుగులో ప్రశంసాపత్రం కింద పేర్లు తారుమారయ్యాక తాను సంతకం పెట్టిన టేబుల్ ఉంది. కలం హామీపత్రం మీదకు దిగింది. ఇకమీదట గౌరవ మంత్రివర్యుల విధుల జోలికి పోననీ, గట్టు మీద ఊట కనపడినా ఆగననీ, అసలు గట్టు మీదకే వెళ్ళననీ సత్తిబాబు తరఫున రాశాడు. సత్తిబాబు ఒక్కో అక్షరం కూడబలుక్కుని సంతకం చేశాడు.

సాయంత్రానికల్లా ఫైలు ముగిసింది. గట్టు విషయమై ఇక ఎటువంటి సమస్యా లేదని మాణిక్యంగారు ఫోన్ చేసి అభినందించారు. బుధవారానికి ఇంకో అల్పపీడనం వస్తుందని రేడియోలో చెబుతున్నారు. బయట అప్పుడే చినుకులు మొదలయ్యాయి. సత్తిబాబు సైకిలెక్కి, గట్టు దారి మొగలో ఒక్క క్షణం ఆగి, కింద రోడ్డు పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.