మునిగినా ఆగని ఆఫీసు

కొల్లేరు పొంగినా, తమ్మిలేరు ఏలూరు మీద పడినా, మీ దరఖాస్తు పెండింగులోనే ఉంటుంది. ఒక్క పూట కూడా అంతరాయం రాదు. నాది పూచీ!

నవ్వకండి. దీనికి శాస్త్రం ఉంది. 'కంటిన్యుటీ ఆఫ్ ఆపరేషన్స్ ప్లాన్' అంటారు. అంటే వరద వచ్చినా, తుఫాను వచ్చినా ఆఫీసు పని ఆగిపోకుండా చూసే ప్రణాళిక. "ఏవండీ, ఆగిపోవాలంటే ముందు నడవాలి కదండీ?" అని మా ఆవిడ శేషారత్నం కందిపప్పు ఏరుకుంటూ అంది. పాలనా రహస్యాలు ఆవిడకేం తెలుస్తాయి పాపం!

అందరూ పొద్దున్నే కాఫీ తాగుతూ పేపరు చదువుతారు. నేను సర్క్యులర్లు చదువుతాను. ఎవరి పిచ్చి వారికి ఆనందం. కొల్లేరు లంకల్లో ఒక ఆఫీసు కోసం తయారైన ఇలాంటి ప్లాను ఈమధ్య నా చేతికొచ్చింది. నలభై ఆరు పేజీలు! వరద వస్తే ముందు ఏం కాపాడాలో వరస తప్పకుండా రాశారు. కంప్యూటర్లు, రిజిస్టర్లు, రౌండు సీలు, స్టాంపు ప్యాడు, ఆఫీసరుగారి తిరిగే కుర్చీ, కుర్చీ మీద తువ్వాలు. తువ్వాలు కూడా మరిచిపోలేదంటే ఎంత ముందుచూపో మీరే ఆలోచించండి.

నీళ్ళు గోడ మీది ఎర్ర గీత దాటగానే ఆఫీసు తాడేపల్లిగూడెం తరలిపోవాలి. గూడెం ఇప్పుడు వేరే జిల్లా కదా అంటారేమో. నిజమే. జిల్లాలు విడిపోకముందు రాసిన ప్లానులో తేదీ మాత్రం మార్చారు. అయినా వరద ఏమన్నా జిల్లా సరిహద్దు చూసుకుని వస్తుందా?

మా వీధికి చేపలు తెచ్చే వీరదుర్గది ఆ లంకే. వానలు ముదిరితే వాళ్ళ రోడ్డు మునిగిపోతుంది. కూతురు పింకీ పురిటికొచ్చింది, నెలలు నిండుతున్నాయి. నీళ్ళొచ్చిన రోజుల్లో ఊళ్ళో ఒక ఇంజను పడవ ఉంచండి బాబూ అని వీరదుర్గ మూడు సోమవారాలు గ్రీవెన్సులో అర్జీ పెట్టింది. నాలుగో వారం పడవ వచ్చేసింది! ప్రభుత్వం పలకదన్న వాళ్ళెవరండీ? పడవతోపాటు ప్లానులోని మొదటి పేజీని తెలుగు చేసి ఆఫీసు గోడకి అంటించారు కూడా.

ఇక్కడే జనం పొరపాటు పడ్డారు. పొరపాట్లు జనమే చేస్తారు, ఆఫీసులు చెయ్యవు.

ఆ కాగితం మీద పెద్దక్షరాల్లో 'ఆపరేషన్ కొనసాగింపు' అని ఉంది. కొల్లేరులో ఆపరేషన్ అంటే ఒకటే అర్థం. ఇరవై ఏళ్ళ క్రితం మిషన్లు వచ్చి చేపల చెరువుల గట్లు కొట్టేశాయే, అదీ ఆపరేషన్. అక్కడ పెళ్ళిళ్ళనీ పుట్టుకల్నీ ఇప్పటికీ ఆపరేషన్‌కి ముందు, ఆపరేషన్ తర్వాత అనే లెక్కేస్తారు. అది ఇంకా కొనసాగుతుందట! మిషన్లు రాకముందే చేప పట్టేసుకోవాలని, ఊళ్ళో ఉన్న పడవలన్నీ వేసుకుని మగాళ్ళంతా లంకకి ఆ చివరనున్న చెరువులకు పరిగెత్తారు.

వీరదుర్గ భయం వేరు. చేపల గంప దించి, నన్ను నిలదీసింది.

"ఆపరేషనేంటండి బాబుగారూ? మా పింకీకి నార్మలే అవుద్దని డాక్టరమ్మగారు చెప్పారు గదండీ!"

"అబ్బే, అది మీ అమ్మాయికి కాదు దుర్గా, ఆఫీసుకి."

"ఆఫీసుకేం జబ్బండీ?"

జవాబు చెప్పడం మొదలుపెడితే చేపలు పాడైపోతాయని బేరంలోకి దిగాను.

రెండు రోజుల్లో బుడమేరు నీళ్ళు లంక మీదికి వచ్చిపడ్డాయి. పడవలు చెరువుల దగ్గరే చిక్కుబడిపోయాయి. ఊళ్ళో మిగిలింది ప్రభుత్వ పడవ ఒక్కటే. ఇక చూడండి ప్లాను మహిమ! ఆ ఆఫీసు ఊళ్ళోకల్లా ఎత్తైన దిబ్బ మీద ఉంది. దిబ్బ కింద, వీధి వైపు ప్రహరీ గోడకి గీసిన ఎర్ర గీత తడిసింది కాని, అరుగు తడవలేదు. లంక మొత్తం మీద పొడిగా ఉన్న చోటు అదొక్కటే. అందుకని దాన్ని ఖాళీ చేశారు.

పడవ మొదటిసారి కంప్యూటర్లను గూడెం రోడ్డుకి దాటించింది. రెండోసారి రిజిస్టర్లను దాటించింది. మూడోసారి తిరిగే కుర్చీ, తువ్వాలు, ఆఫీసరు మధుబాబుగారు ఎక్కారు. అప్పటికి పింకీకి నొప్పులు మొదలయ్యాయి. వీరదుర్గ మొలలోతు నీళ్ళలో కూతుర్ని పట్టుకుని పడవకి అడ్డంగా నిలబడింది.

"బాబూ, మా పిల్లనొక్కదాన్ని ఎక్కించుకోండి బాబూ. మీకు దణ్ణం పెడతాను."

"నాకు మాత్రం జాలి ఉండదాండీ? లిస్టులో కుర్చీ ఉందండీ, అమ్మాయిగారు లేరండీ. రేపు ఆడిట్‌లో నేనేం చెప్పుకోనండీ?"

చూశారా మా గోదావరి మర్యాద! నిండు చూలాలిని నీళ్ళలో వదిలేసేటప్పుడు కూడా మధుబాబు మాట మాటకీ అండీ తగిలించాడు. ఆ అండీలు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

క్షమించాలి. నేను ప్లానుని పొగడ్డానికి కదా కూర్చున్నాను.

పడవ వెళ్ళిపోయాక ఆశా కార్యకర్త మరియమ్మ ఆఫీసు తలుపు తోసింది. పట్టుకెళ్ళడానికి ఏమీ మిగల్లేదు గనుక తాళం వెయ్యలేదు. జనం కాచుకుని కూచునే బెంచీలు రెండు దగ్గరకు జరిపి, పింకీని పడుకోబెట్టి, కిటికీ కర్టెను పీకి పక్కన పెట్టుకుంది. ప్రభువా ప్రభువా అని మరియమ్మ, పెద్దింట్లమ్మ తల్లీ అని వీరదుర్గ. మధ్యాహ్నం కాకుండానే ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఆ గదిలో ఒక పని పొద్దున్న మొదలై అదే రోజు పూర్తవడం చరిత్రలో అదే మొదటిసారి. రేపు రండి అన్నవాళ్ళు లేరు!

పన్నెండు రోజుల తర్వాత కుర్చీ క్షేమంగా తిరిగొచ్చింది. వీరదుర్గ మనవరాలి బర్త్ సర్టిఫికెట్ కోసం వెళ్ళింది. పుట్టిన చోటు ఎదురుగా 'ఈ ఆఫీసు' అని రాయించింది. మధుబాబుగారు రికార్డు తిరగేశారు.

"ఆ తేదీన ఈ ఆఫీసు ఇక్కడ లేదండీ. గూడెంలో ఉందండీ. లేని ఆఫీసులో పాప ఎలా పుడుతుందండీ? గూడెం వెళ్ళి, అక్కడ పుట్టలేదని రాయించుకు రండీ."

బాలింతని ఇంట్లో వదిలి వీరదుర్గ రెండు బస్సులు మారి గూడెం వెళ్ళింది. "పుట్టినవాళ్ళకి రాసిస్తామండీ, పుట్టనివాళ్ళకి ఎలా రాస్తాం? పైగా మీది మా జిల్లా కూడా కాదు కదండీ" అన్నారు వాళ్ళు. అదీ మర్యాదగానే.

కనుక పాఠకులారా, ప్లాను నూటికి నూరుపాళ్ళు విజయవంతమైంది. సీలు తడవలేదు. తువ్వాలుకి మరక పడలేదు. నలభై ఆరు పేజీలూ మళ్ళీ తిరగేశాను. మనుషుల్ని ఎప్పుడు ఎక్కించాలో ఎక్కడన్నా ఉంటుందేమోనని వెతికాను. లేదు.

మొన్న వీరదుర్గ మా గుమ్మంలో కూలబడి, చంకలో పిల్లని నా వైపు తిప్పి చూపించింది.

"ఆఫీసు లేనప్పుడు పుట్టిందండీ ఇది. ఆఫీసు వచ్చాక, పుట్టలేదంటన్నారండీ."