జాబితాలో నలభై ఏడోది

"ఇక ఈ ఊళ్లో తలదాచుకునే చోటు లేనివారంటూ ఉండరు!" అని మునిసిపల్ చైర్మన్‌గారు మైకు ముందు ప్రకటించారు. నూట ముప్ఫై ఏళ్లనాటి కోర్టు భవనాన్ని బాగుచేసి, ఇల్లు లేనివాళ్లకు ఇళ్లు వెతికిపెట్టే గృహ సహాయ కేంద్రంగా మారుస్తారట. వెనక నిలబడ్డ స్వీపరమ్మ కూడా చప్పట్లు కొట్టింది, పాపం. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆ భవనం వెనక గదిలోనే ఆవిడ కాపురం.

మర్నాడే ఇంజనీరుగారు ఆ మహత్తర పథకాన్ని ఆవిడతోనే మొదలుపెట్టారు.

"పెద్దమ్మా, నెలాఖరుకి గది ఖాళీ చెయ్యాలి. దరఖాస్తుదారులకి విశ్రాంతి గది కడుతున్నాం."

"మరి నేనెక్కడికి పోను బాబూ?"

"కేంద్రం తెరిచాక దరఖాస్తు పెట్టుకో. నీలాంటివాళ్ల కోసమేగా ఇదంతా."

నోరెత్తితే చీపురు కూడా పోతుందని ఆవిడ వసారా ఊడవడానికి వెళ్లింది.

ఈలోగా పురాతన కట్టడాల కమిటీ గుమాస్తా దిగాడు. పాతవన్నీ జాబితాకెక్కించాలి, ఎక్కినదాన్ని కమిటీ అనుమతి లేకుండా అంగుళం కదపకూడదు. మనిషికి ఒళ్లంతా శ్రద్ధే. తలుపులు, గొళ్లేలు, విరిగిన బల్ల రాసుకుంటూ వెనక గదిలోని మంచం దాకా వచ్చాడు.

"ఇదెప్పటిదమ్మా?"

"నాతోపాటు వచ్చిందే. ముప్ఫై ఎనిమిదేళ్లు."

"ముప్ఫై దాటితే రాసుకోవాలి. రూలు."

"అయితే నన్నూ రాసుకో నాయనా."

గుమాస్తా రూలు పుస్తకం తిరగేశాడు. 'ముప్ఫై ఏళ్లకు పైబడి భవనంలో ఉన్నవన్నీ' అని ఉంది. ప్రాణం ఉండకూడదని ఎక్కడా లేదు. రాశాడు: నలభై ఏడు, వృద్ధురాలు ఒకటి, వాడుకలో ఉన్నది. కింద ఆరు సంతకాలు పడ్డాయి. చదివినవాళ్లు మాత్రం లేరు.

నెలాఖరుకి ఇంజనీరు కూలీలతో వచ్చేసరికి ఆవిడ గుమాస్తా ఇచ్చిన జాబితా నకలు ఆయన చేతిలో పెట్టింది. ఆరో సంతకం ఆయనదే.

"పొరపాటు పడిందని దిద్దెయ్యవయ్యా," అన్నాడాయన గుమాస్తాని పిలిపించి.

"దిద్దొచ్చు సార్. చదవకుండా సంతకం పెట్టానని తమరు రాసివ్వాలి."

కూలీలు వెనక్కి వెళ్లిపోయారు. ఆ రాత్రి పెద్దమ్మ హాయిగా నిద్రపోయింది.

కేంద్రం తెరిచి ఏడాదైంది. దరఖాస్తులతో మూడు బీరువాలు నిండాయి. వార్షిక నివేదికలో 'ఇల్లు దొరికినవారు: ఒకరు' అని అచ్చయింది. చైర్మన్‌గారు వచ్చి స్వీపరమ్మ గుమ్మం ముందు ఆవిడతో ఫొటో దిగి వెళ్లారు.

అది చూసి, వరసలో చంటిపిల్లను ఎత్తుకుని నిలబడ్డ తల్లి ఆశగా దగ్గరికొచ్చింది.

"మీకెలా ఇచ్చారు పెద్దమ్మా?"

"ఇవ్వలేదమ్మా. ఖాళీ చేయించలేకపోయారు."

"మరి మాకు?"

పెద్దమ్మ విరిగిన బల్ల మీద దుమ్ము కొంగుతో తుడిచింది.

"ఇక్కడ కూర్చో తల్లీ. ముప్ఫై ఏళ్లదాకా లేవకు."