పెనుకొండ పోటీలో భుజం పట్టీలు

భుజం వ్యక్తిగత ఆస్తి కాదని, అది జిల్లా గౌరవమని కొండ సైకిళ్ల పోటీ భుజ పరిరక్షణ ఉపసంఘం ధర్మవరంలో ఏకగ్రీవంగా తీర్మానించింది. అంతకుముందు హిందూపురంలో సమావేశమై, ధర్మవరంలో సమావేశం కావాలని తీర్మానించింది. (పెనుకొండలో మాత్రం సమావేశం కాలేదు. పోటీ జరిగే కొండ అక్కడే ఉంది కనుక, దాన్ని చూస్తే నిర్ణయాలు ప్రభావితమవుతాయని అధ్యక్షులు తిమ్మరాజుగారి భయం.)

నిరుటి పోటీలో కొండ దిగుతూ పడ్డవాళ్లలో చాలామందికి భుజాలే పోయాయి. కనుక ఈ ఏడు భుజం కీలు జారకుండా పట్టి ఉంచే పట్టీని సంఘమే అందరికీ ఇస్తుంది. సొంత పట్టీలు నిషిద్ధం. ఒకే రంగులో లేని భద్రతను భద్రతగా పరిగణించరు.

ఈ నిబంధన వినగానే హిందూపురం జరీనా గుండెల్లో రాయి పడింది. నిరుడు పడ్డవాళ్లలో ఆమె ఒకతె. ఎడమ భుజం కీలు జారింది. "పట్టీ ఉంటే తొక్కు. లేకుంటే ఆ కొండ జోలికి పోవద్దు. ఇంకోసారి జారిందంటే సైకిల్ మాట మరిచిపో" అని డాక్టరు ఖరాకండిగా చెప్పాడు. సైకిల్ షాపు నడిపే నాయన షరీఫ్ బెంగళూరు పోయి, ఆమె భుజానికి సరిగ్గా అమరే నీలం పట్టీ వెతికి తెచ్చాడు. ఏడాదంతా దాంతోనే సాధన చేసింది. ఈసారి గెలిస్తే రాష్ట్ర జట్టులో చోటు.

పోటీనాడు కొండ మొదట్లో, సామాన్ల బల్ల దగ్గర కూర్చున్న ఓబులేసు ఆ నీలం పట్టీ విప్పించి పక్కన పెట్టుకున్నాడు.

"అన్నా, ఇది డాక్టరు వేసుకోమన్న పట్టీ."

"డాక్టరు ఉపసంఘంలో లేడు పాపా. సంఘం పట్టీలు ధర్మవరం నుంచి వచ్చినాయి. సభ అయిపోతానే అందరికీ ఇస్తారు."

ధర్మవరం నుంచి తెప్పిస్తూ ధర్మవరం పేరు నిలబెట్టకపోతే బాగుండదు కనుక పట్టీలకు పట్టు అంచు, జరీ బుటాలు వేయించారు. పెళ్లికొడుక్కి కట్టినా ఎవరూ తప్పు పట్టరు.

సభ మొదలైంది. ఇక్కడొక చిన్న చిక్కు. భుజాల మీద వేసేవన్నీ ఉపసంఘం ఒకే పద్దులో చేర్చింది. పట్టీలు వచ్చాయి కనుక శాలువాలు రాలేదు. ముఖ్య అతిథి అప్పటికే లేచి, మెడ కాస్త వంచి నిలబడ్డాడు. వంచిన మెడను ఖాళీగా ఎత్తనివ్వడం మన వైపు మర్యాద కాదు. తిమ్మరాజుగారు క్షణం ఆలోచించి పట్టీల పెట్టె తెప్పించారు.

"ఇదీ భుజానికే కదప్పా" అన్నారు.

ముఖ్య అతిథి సఫారీ చొక్కా మీద జరీ పట్టీ బిగిసింది. చప్పట్లు మోగాయి. తర్వాత విశిష్ట అతిథికి, గౌరవ అతిథికి, ఆత్మీయ అతిథికి (వీళ్లలో తేడా ఏమిటో ఆహ్వాన పత్రిక అచ్చేసినవాడికీ తెలియదు), గుడిబండ నుంచి వచ్చిన దాతకు, ఆ దాతను కారులో తెచ్చినాయనకు, ముందు వరుసల్లో కూర్చున్న అందరికీ, మైకు పట్టుకున్నాయనకు. పెట్టె అడుగు కనబడగానే జరీనా బల్ల దగ్గరికి పరుగెత్తింది.

"అన్నా, సంఘం పట్టీ నాకొద్దు. నాది నాకియ్యి. యాడ పెడితివి?"

ఓబులేసు వేదిక వైపు చూశాడు. "మైకాయన తమ్ముడు లేటుగా వచ్చినాడు పాపా. జరీవి అయిపోయినాయి. ఆడ చూడు, ఆయన మీద ఉండాది."

ఎడమ భుజానికి చేసిన నీలం పట్టీ ఆయన కుడి భుజం మీద ఉంది. ఆయన ఫొటో దిగుతున్నాడు.

షరీఫ్ వేదిక ఎక్కాడు. "అప్పా, అది నా బిడ్డది. అది లేకుండా పడితే చెయ్యి పోతాది."

తిమ్మరాజుగారు నొచ్చుకున్నారు. "సన్మానం చేసినాక ఎనక్కి తీసుకుంటారా ఎవరన్నా? పాపకు ఏమన్నా అయితే చూసుకునేదానికి మేం లేమా?"

షరీఫ్ దిగి వచ్చి, "ఇంటికి పోదాం పద పాపా" అన్నాడు. జరీనా కొండ వైపు చూసింది. "ఏడాది తొక్కితి నాయనా" అంది. సైకిల్ ఎక్కింది. జెండా ఊపారు.

దిగుడులో సగందాకా అందరికన్నా ముందు ఆమే ఉంది. ఒక మలుపులో రాయి తగిలి పడింది. ఎడమ భుజం మళ్లీ జారింది.

చూసుకుంటామన్న మాట ఉపసంఘం తప్పలేదు. మర్నాడే హిందూపురం ఆసుపత్రికి తరలివచ్చింది. ఈసారి మందపాటి శాలువా మరిచిపోలేదు. దాన్ని కట్టు కట్టిన భుజం మీదే కప్పారు. ఫొటో సరిగా రాలేదని తీసి మళ్లీ కప్పారు. జరీనా పళ్లు బిగబట్టింది. కళ్లలో నీళ్లు ఆగలేదు. (ఆనందబాష్పాలని మైకాయన వివరించాడు.)

"ఆ నీలం పట్టీ అన్నా ఇప్పిస్తారా అప్పా?" అని అడిగాడు షరీఫ్.

"ఆయప్ప అద్దాల బీరువాలో పెట్టుకున్నాడంటప్పా" అన్నారు తిమ్మరాజుగారు.

నెల తిరగకుండానే ఉపసంఘం తన నివేదిక సమర్పించింది. పోటీనాడు పట్టీలు ధరించినవారిలో ఒక్కరికి కూడా భుజానికి గాయం కాలేదు.