రబ్బరు ముక్క వచ్చేదాకా

వాహనదారులకు శుభవార్త. మనందరం ముచ్చటపడి కొనుక్కున్న ఆ చిన్న కారును తయారుచేసే కంపెనీ, తన కార్లలో నలభై ఒక్క వేల రెండొందల ఆరింటికి బ్రేకులు "కొన్ని సందర్భాల్లో ఆశించినంతగా సహకరించకపోవచ్చు" అని, ఎవరూ చొక్కా పట్టుకోకుండానే, తనంతట తానుగా ఒప్పుకుంది. ఏ సందర్భాల్లో అని మీకు సందేహం రావచ్చు. తొక్కిన సందర్భాల్లో. తొక్కనప్పుడు ఆ బ్రేకుల మీద ఇంతవరకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు.

ఈ సంగతి తెలియజేస్తూ కంపెనీ పంపిన ఉత్తరం పెళ్లి శుభలేఖంత మందంగా ఉంది. అందులో మూడు పేజీలు కంపెనీ చరిత్ర. ఒక పేజీ నిండా చైర్మన్ గారి చిరునవ్వు. చివరి పేజీ అడుగున, చీమల బారులాంటి అక్షరాల్లో, బ్రేకుల విషయం. మన కథానాయకుడికి కళ్ళజోళ్ళ దుకాణం ఉండబట్టి సరిపోయింది. దుకాణంలోంచి పెద్ద భూతద్దం తెచ్చి, ఆ నాలుగు వాక్యాలూ భార్యకు చదివి వినిపించాడు.

భార్య హైస్కూల్లో ఫిజిక్స్ టీచరు. ఆమె ఉత్తరం లాక్కుని తనే ఇంకోసారి చదివింది. తర్వాత లేచి, అల్మరా పైనున్న సూట్‌కేసు దించింది.

"ఏమైందే?" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"నేనూ పిల్లా మా అమ్మ దగ్గరికి వెళ్తున్నాం."

"అంతమాటనకు. కొన్ని సందర్భాల్లోనే అన్నారుగా."

"మన ఇల్లు ఎక్కడుందండీ? కొండ మీద. పిల్ల బడి ఎక్కడుంది? కొండ కింద. రోజూ పొద్దున్నే దాన్ని ఆ కారులో కూర్చోబెట్టి వాలులోకి వదిలేది మీరు. నాకు కావలసింది చైర్మన్ గారి నవ్వు కాదు, చక్రానికి రాపిడి. ఏ రోజైతే మీ కారు మా అమ్మ వాళ్ళ గేటు ముందుకొచ్చి, బ్రేకు వేస్తే ఆగుతుందో, ఆ రోజు డిక్కీలో ఈ సూట్‌కేసు పెట్టుకుని వచ్చేస్తాం. అప్పటిదాకా మీరు బస్సెక్కి రండి, చూసిపోండి."

ఏడేళ్ళ కూతురు స్కూలు సంచీ భుజాన వేసుకుని, "నాన్నా, బ్రేకు తొందరగా తెచ్చుకో" అని చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. ఇంట్లో మిగిలింది ఆయన, కారు, ఉత్తరం.

ఆయన వెంటనే కంపెనీకి ఫోన్ చేశాడు. "మీ భద్రతే మా ఊపిరి" అని ఒక తియ్యటి గొంతు నలభై నిమిషాలు ఊపిరి తీసుకుంది. ఆ తర్వాత ఇంకో గొంతు వచ్చి, బాగుచేయడానికి కావలసింది చొక్కా గుండీ అంత రబ్బరు ముక్క అనీ, బిగించడానికి పదకొండు నిమిషాలు పడుతుందనీ, అది ఓడలో బయల్దేరిందనీ, ఓడ సముద్రంలో ఉందనీ చెప్పింది.

"ఎప్పుడొస్తుందండీ?"

"ఓడ వచ్చినప్పుడు సార్."

"పోనీ, హ్యాండ్ బ్రేకు వాడుకోనా?"

"హ్యాండ్ బ్రేకు గురించి మీకు వేరే ఉత్తరం వస్తుంది సార్."

అయితే కంపెనీ చేతులు ముడుచుకుని కూర్చుందని ఎవరూ అనుకోరాదు. వారం తిరక్కుండా ప్రతి ఇంటికీ ఒక తాత్కాలిక భద్రతా పెట్టె ఉచితంగా చేరింది. అందులో రైలింజనులా అరిచే హారన్ ఒకటి, "ప్రశాంతంగా ముందుకు" అనే చిన్న పుస్తకం ఒకటి, కంపెనీ ముద్ర వేసిన చెక్క దిమ్మ ఒకటి. కారు నెమ్మదిస్తుండగా ఒక మనిషి దూకి, పక్కనే పరుగెత్తి, ఆ దిమ్మను చక్రం కింద పెట్టాలి. పుస్తకంలో ఆ మనిషి బొమ్మ ఉంది. నవ్వుతూ ఉన్నాడు.

ఆ మనిషి పదవి బావమరిదికి దక్కింది. పాతికేళ్ళవాడు, కండలు తిరిగినవాడు, ఉద్యోగం తన్ను వెతుక్కుంటూ వస్తుందని నమ్మినవాడు. నిజానికి అతన్ని అక్కే పంపింది, కారు బాగయిందని బావ అబద్ధం చెప్పకుండా కనిపెట్టి ఉండమని. వచ్చినవాడు దిమ్మ చేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

"బావా, దీనికోసమే పుట్టానేమో అనిపిస్తోంది."

"దూకేటప్పుడు కాలు చూసుకోరా. మీ అక్కకి జవాబు చెప్పలేను."

రెండు వారాల్లో బావమరిది ఆ కళలో ఆరితేరాడు. ఆ వీధిలో అదే మోడల్ కార్లు ఇంకో ఆరున్నాయి. ఆరింటికీ ఆరుగురు దిమ్మగాళ్ళు తయారయ్యారు. నెల తిరిగేసరికి వాళ్ళకో సంఘం ఏర్పడింది, సంఘానికి యూనిఫాం వచ్చింది, యూనిఫాం రంగు నచ్చక సంఘం రెండయింది. రెండు సంఘాలూ కలిసి పెట్టిన పరుగు పందెం చూడడానికి జనం మేడలెక్కారు.

ఊరు కూడా పెద్ద మనసు చాటుకుంది. వాలు చివర బట్టల దుకాణం వాళ్ళు, ఎలాగూ వారానికి రెండు కార్లు లోపలికి వస్తున్నాయని, అద్దాల తలుపు తీసేసి వెడల్పాటి దారి వదిలారు. పరుపుల వ్యాపారి మలుపులో పరుపులు నిలబెట్టి, గుద్దినవారికి తగ్గింపు ప్రకటించాడు. ఒక పెద్దమనిషి గుద్ది చూసి, మెత్తగా ఉందని రెండు కొన్నాడు. ట్రాఫిక్ శాఖ కూడలిలో ఎర్రదీపం తీయించింది. ఆగలేని వారికి ఆగమని చెప్పడం వారి మనోభావాలను గాయపరచడమే అవుతుందని ఉత్తర్వులో స్పష్టం చేసింది.

ఇవన్నీ చూసి పొంగిపోయిన చైర్మన్ గారు పట్టణానికి స్వయంగా విచ్చేసి ఒక సభలో ప్రసంగించారు. "ఆగడం అనేది పాతకాలపు ఆలోచన! ఆగినవాడెవడైనా బాగుపడ్డాడా? మా కస్టమరు ఆగడు! మా కస్టమరును ఎవరూ ఆపలేరు!" అన్నారు. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. తిరిగి వెళ్ళేటప్పుడు చైర్మన్ గారు వేరే కంపెనీ కారెక్కారు. దాని బ్రేకులు అద్భుతంగా ఉన్నాయని ఆయన డ్రైవరు చెప్పాడు.

ఈ సంబరాల్లో పాలు పంచుకోలేకపోయింది మన కళ్ళజోళ్ళాయన ఒక్కడే. ఆదివారం ఆదివారం బస్సెక్కి అత్తగారింటికి వెళ్ళి, కూతురికి లెక్కలు చెప్పి, భార్య ముఖం వంక చూసి, ఆఖరి బస్సుకు తిరిగొచ్చేవాడు.

"ఓడ ఎక్కడిదాకా వచ్చిందట?" అని ఆమె ప్రతిసారీ అడిగేది.

"సముద్రంలో ఉందట."

"సముద్రంలో కాక చెట్టు మీద ఉంటుందా? ఇల్లు ఊడుస్తున్నారా?"

"ఊడుస్తున్నాను."

"అబద్ధం. మోచేతికి బూజంటింది చూడండి" అంటూ తనే దులిపేది. చేతిని వెంటనే వదిలేది కాదు. అంతలో బస్సొచ్చేది.

తొంభై నాలుగో రోజున కబురొచ్చింది. ఓడ చేరింది! కారు తీసుకుని సర్వీసు సెంటరుకు రావలెను. కళ్ళజోళ్ళాయన గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా తొడిగాడు, డిక్కీ ఖాళీ చేసి సూట్‌కేసుకు చోటు ఉంచాడు. బావమరిది సెంటరు వాకిట్లో కళ్ళు చెదిరేలా దూకి, పరుగెత్తి, దిమ్మ పెట్టాడు. కారు ఆగింది.

తెల్లకోటు వేసుకున్న తనిఖీ అధికారి అట్ట మీద కాగితం పెట్టుకుని వచ్చాడు. "బండి ఆగింది కదా సార్?"

"దిమ్మ పెడితే ఆగిందండీ."

"దిమ్మ ఎవరిది?"

"మీదే. మీరు పంపిందే."

"అంటే మా కంపెనీ పరికరంతోనే ఆగింది. మరి లోపం ఎక్కడుంది?"

"అయ్యా, బ్రేకు పనిచేయడం లేదు!"

"పనిచేయకపోవడం నేను కళ్ళారా చూడాలి సార్. లోపం నా ఎదుట జరగాలి. జరిగితేనే రబ్బరు ముక్క ఇవ్వాలని రూలు. రేపు దిమ్మ లేకుండా రండి."

అతను "తృప్తికరం" అని ముద్ర కొట్టి పంపించేశాడు.

మర్నాడు పదిగంటలకు కళ్ళజోళ్ళాయన దిమ్మ ఇంట్లో పెట్టి బయల్దేరాడు. బావమరిది పక్క సీట్లో ఖాళీ చేతులతో, ఏనుగు దిగిన మావటివాడిలా దిగాలుగా కూర్చున్నాడు. కారు వాలు దిగింది, పరుపుల మలుపు తిరిగింది, సర్వీసు సెంటరు ముందు గేటులోంచి లోపలికి దూరింది.

"చూడండి! కళ్ళారా చూడండి!" అని అరుస్తూ ఆయన బ్రేకును నేలకంటా తొక్కాడు.

కారు తనిఖీ అధికారి పక్కనుంచి, టీ తాగుతున్న ఇద్దరు మెకానిక్కుల మధ్యనుంచి, గోడ మీది "మీ భద్రతే మా ఊపిరి" బోర్డు కిందనుంచి దూసుకెళ్ళింది. ఇలాంటివాళ్ళు రోజుకు పదిమంది వస్తారు కనుక వెనక గేటు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది. అలవాటు కొద్దీ బావమరిది ఉత్త చేతులతోనే కిందికి దూకేశాడు. కారు వెనక గేటులోంచి వెళ్ళిపోయింది.

తనిఖీ అధికారి గడియారం చూసి కాగితం మీద రాసుకున్నాడు: "కస్టమరు వచ్చారు. ఆగకుండా వెళ్ళిపోయారు. మరమ్మతు పట్ల ఆసక్తి లేదు."

వెనక గేటు దాటాక రోడ్డు ఇంకా ఏటవాలు. కళ్ళజోళ్ళాయన ఇంజను ఆపేశాడు. ఇంజను ఆగింది, కారు ఆగలేదు. హారన్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు పెద్దవి చేసుకుని, స్టీరింగును బిగబట్టాడు. ఒక సైకిలాయన తప్పుకుంటూ మర్యాదగా నమస్కారం పెట్టాడు. ఒక మలుపు, రెండో మలుపు, అదిగో తెలిసిన వీధి! గిన్నె అడుగులా మధ్యలో పల్లంగా ఉండి రెండు వైపులా ఎత్తు పెరిగే వీధి. ఆ అడుగునే అత్తగారిల్లు.

హారన్ విని భార్య గేటులోకి వచ్చింది. వెనకే కూతురు, ఆ వెనక అత్తగారు.

"బ్రేకు బాగయిందా?" అని భార్య అరిచేలోగా కారు గేటు దాటి ఎదుటి ఎత్తు ఎక్కింది. సగం ఎక్కి, ఊపు తగ్గి, ఒక్క క్షణం నిలిచి, వెనక్కి జారడం మొదలుపెట్టింది.

"బాగవలేదే!" అన్నాడాయన రెండోసారి గేటు ముందునుంచి వెనక్కి పోతూ.

"స్టీరింగు కదపకండి! నిటారుగా పట్టుకోండి!" ఫిజిక్స్ టీచరు చూపు ఒకసారి ఆ ఎత్తు మీదికీ, ఒకసారి ఈ ఎత్తు మీదికీ వెళ్ళింది. "ఒక్కో ఊపుకి పావు వంతు తగ్గుతోంది. తొమ్మిదో ఊపుకి ఆగుతారు, కంగారు పడకండి!"

మూడోసారి కారు వచ్చినప్పుడు అత్తగారు, "అల్లుడుగారూ, చాలా రోజులకి కారులో వచ్చారు, కాఫీ తీసుకోండి" అని కిటికీలోంచి గ్లాసు అందించింది. నాలుగోసారి, "చక్కెర సరిపోయిందా?" అంది. అయిదోసారి ఖాళీ గ్లాసు పుచ్చుకుంది.

"నాన్నా, నేనూ ఎక్కనా?" అని కూతురు గంతులేసింది.

"వద్దు!" అన్నారు తల్లీ తండ్రీ ఒకేసారి. ఇద్దరూ ఒకే మాట అనడం తొంభై అయిదు రోజుల్లో అదే మొదలు. ఆరో ఊపులో ఆమె నవ్వింది. ఏడో ఊపులో ఆయన కూడా నవ్వాడు. ఎనిమిదో ఊపులో, "నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదే" అన్నాడు. ఆ ముక్క పూర్తిగా వినబడేంత నెమ్మదిగా నడుస్తోంది కారు అప్పటికి.

తొమ్మిదో ఊపుకి కారు సరిగ్గా గేటు ముందు ఆగింది. ఆమె వచ్చి కారు తలుపు తీసింది. లెక్క తప్పలేదన్న సంతోషమో, మనిషి దక్కాడన్న సంతోషమో, కళ్ళు తుడుచుకుంటూ, "రేపు నేను కూడా వస్తాను ఆ సెంటరుకి. ఎలా ఇవ్వరో చూస్తాను" అంది.

రేపటిదాకా అక్కర్లేకపోయింది. బావమరిదిని వెనక కూర్చోబెట్టుకుని తనిఖీ అధికారి మోటారుసైకిలు మీద వెతుక్కుంటూ వచ్చాడు. నిశ్చలంగా నిలబడి ఉన్న కారును చూసి అతని ముఖం వెలిగిపోయింది.

"దిమ్మ లేకుండా ఆగింది! శుభాకాంక్షలు సార్. మీ కేసు పూర్తయింది."

"ఆగింది పల్లం వల్లండీ!" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"పల్లానికి మా ఫారంలో గడి లేదు సార్." అతను గొంతు తగ్గించాడు. "ఇంకో అయిదు నిమిషాల్లో మీకు హెడ్డాఫీసు నుంచి ఫోనొస్తుంది. సేవ ఎలా ఉందని అడుగుతారు. అయిదు స్టార్లు చెప్పండి సార్. నాలుగు చెప్పినా నన్ను తీసేస్తారు. మా ఆవిడకి ఒంట్లో బాగోదు, ఇద్దరు పిల్లలు..."

ఫోను మోగింది. కళ్ళజోళ్ళాయన భార్య వంక చూశాడు. చేతులు జోడించి నిలబడ్డ తెల్లకోటు వంక చూశాడు. బావమరిది వెనకనుంచి, "పాపం బావా" అన్నాడు.

"అయిదు" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"ధన్యవాదాలు సార్. మీ ఫిర్యాదు శాశ్వతంగా మూసివేస్తున్నాం" అంది ఫోను.

భార్య నెమ్మదిగా అడిగింది. "బ్రేకు బాగయిందా?"

"లేదు."

"మరి అయిదు ఎందుకిచ్చారు?"

"మొహం మీద ఎలా కాదంటామే? నోరు తెరిచి అడిగాడు."

"నేనూ నోరు తెరిచే అడిగాను. ఒక్క రబ్బరు ముక్క." ఆమె కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళి, గేటు గొళ్ళెం పెట్టుకుంది. ఆ రోజు ఆయన బస్సులో తిరిగొచ్చాడు. కారు ఇప్పటికీ ఆ పల్లంలోనే ఉంది.

పాఠకులు ఆయన మెతకదనానికి నవ్వుకుంటున్నారని తెలుసు. నవ్వుకోవచ్చు. నలభై ఒక్క వేల రెండొందల ఆరుగురిలో ఫోనెత్తి అయిదు అనని వాడు ఒక్కడూ లేడు. అంత మంచి మనుషులున్న సమాజం మనది. అందువల్లే ఆ కారుకు ఈ ఏడాది భద్రతలో ప్రథమ స్థానం వచ్చింది. ఆ స్టార్లు చూసే కదండీ, మొన్న ఇంటిల్లిపాదీ కూర్చుని మీరు ఒకటి బుక్ చేశారు. ఇంతకీ, మీ వీధి పల్లమా, వాలా?